ఫోన్ లాక్కోకుండా నేర్పడం: ఇంట్లో పెద్దవాళ్ళకు డిజిటల్ సేవలు అలవాటు చేసే పద్ధతి

మా నాన్నకు బ్యాంకు యాప్ నేర్పుదామని కూర్చున్న మొదటి రోజు నాకు బాగా గుర్తు. ఆయన ఫోన్ పట్టుకుని స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయారు. నేను పది సెకన్లు ఓపిక పట్టానేమో. "ఇలా ఇవ్వండి నాన్నా" అని ఫోన్ తీసుకుని, టకటకా నాలుగు చోట్ల నొక్కి, "అంతే, అయిపోయింది" అని మళ్ళీ ఆయన చేతిలో పెట్టేశాను. నాన్న కాసేపాగి అన్నారు: "పని అయింది సరే. నాకేం వచ్చింది?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఈలోగా చేసిన తప్పుల నుంచి, చదివి తెలుసుకున్న విషయాల నుంచి రాస్తున్నదే ఇదంతా. అమ్మకో, నాన్నకో, అత్తగారికో, పక్కింటి పెద్దాయనకో నేర్పాలనుకునేవాళ్ళ కోసం.

ముందుగా ఒక సంగతి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే ఐటీయూ, 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 550 కోట్ల మంది ఇంటర్నెట్ వాడుతున్నారు, 260 కోట్ల మంది వాడటం లేదు. 15 నుంచి 24 ఏళ్ల వయసువాళ్ళలో 79 శాతం మంది ఆన్‌లైన్‌లో ఉంటే, మిగతా జనాభాలో 66 శాతమే ఉన్నారు. కానీ ఈ లెక్కల్లో కనపడని ఇంకో గుంపు ఉంది. వాళ్ళ చేతిలో ఫోన్ ఉంది, నెట్ ఉంది, వీడియోలు చూస్తారు, ఫొటోలు పంపుతారు. కానీ ఒక ఫారం నింపాలన్నా, బిల్లు కట్టాలన్నా, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలన్నా పిల్లల కోసం ఎదురు చూస్తారు. డిజిటల్ అంతరం మీద పనిచేసేవాళ్ళు దీన్ని మూడు మెట్లుగా చూస్తారు: సాధనం ఉందా, వాడే నేర్పు ఉందా, వాడినందువల్ల నిజంగా మేలు జరుగుతోందా. మన ఇళ్లలో చాలామంది పెద్దలు మొదటి మెట్టు ఎక్కి రెండో మెట్టు దగ్గర ఆగిపోయారు. మనం చేయి అందించాల్సింది అక్కడే.

మొదటి అడుగు: ఏం కావాలో వాళ్ళనే అడగండి

"నీకు అన్నీ నేర్పేస్తానమ్మా" అని మొదలుపెట్టకండి. ఒక వారం పాటు గమనించండి. వాళ్ళు మిమ్మల్ని ఏ పనికి పిలుస్తున్నారు? ఏ పనిని "తర్వాత చూద్దాంలే" అని వాయిదా వేస్తున్నారు? ఏ పని కోసం ఎండలో వెళ్లి వరుసలో నిలబడి వస్తున్నారు? అవన్నీ ఒక కాగితం మీద రాసి, వాళ్ళ ముందు పెట్టి, "వీటిలో ఏది నీ అంతట నువ్వే చేసుకోగలిగితే బాగుంటుంది?" అని అడగండి.

మీరు ముఖ్యం అనుకున్నది, వాళ్ళు ఎంచుకునేది ఒకటి కాకపోవచ్చు. నేను బ్యాంకు యాప్ అనుకున్నాను. నాన్నకు కావలసింది రైలు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం. అక్కడి నుంచి మొదలుపెట్టాకే మిగతావి ముందుకు కదిలాయి.

రెండో అడుగు: నేర్పే ముందు ఫోన్‌ను సరిచేయండి

చాలామంది దాటేసే అడుగు ఇదే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా ఇదే. ఫోన్ తయారైన తీరు ఇరవై ఏళ్ల కంటికి, చెవికి, వేలికి సరిపోయేలా ఉంటుంది. అరవై ఏళ్లు దాటిన శరీరానికి అదే ఫోన్ వేరే వస్తువు. "మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు" అనే ముందు, ఆమెకు అసలు కనపడుతోందో లేదో చూడాలి.

కన్నుతో మొదలుపెడదాం. నలభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారడం అందరికీ తెలిసిందే. దానితోపాటు వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల మనిషితో పోలిస్తే సుమారు మూడో వంతే. అందుకే తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగు అక్షరాలు వాళ్ళకు దాదాపు లేనట్టే. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందిన అంతర్జాతీయ ప్రమాణాలు మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలంటాయి. అన్ని యాప్‌లూ దీన్ని పాటించవు.

కాబట్టి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి అక్షరాల సైజు పెంచండి, లావు అక్షరాలు ఆన్ చేయండి. యాక్సెసిబిలిటీ విభాగంలో కాంట్రాస్ట్ పెంచే వీలు, స్క్రీన్‌ను భూతద్దంలా పెద్దది చేసే వీలు ఉంటాయి. సైజు మరీ పెంచితే కొన్ని యాప్‌లలో బటన్లు స్క్రీన్ కిందికి జారి మాయమవుతాయి. అందుకని వాళ్ళు వాడబోయే యాప్ తెరిచి, ఆ పని చివరిదాకా ఒకసారి చేసి చూసి, అప్పుడు సైజు ఖాయం చేయండి. కళ్ళజోడు పెట్టుకుని ఏ సైజు హాయిగా ఉందో వాళ్ళే చెప్పాలి, మనం ఊహించకూడదు.

ఇక వేలు. టచ్ స్క్రీన్ తన మీదుండే అతి సూక్ష్మమైన విద్యుత్ క్షేత్రంలో మన వేలు తెచ్చే మార్పును పసిగట్టి పనిచేస్తుంది. వయసుతో చర్మం పొడిబారుతుంది, అందుకే కొన్నిసార్లు నొక్కినా స్క్రీన్‌కు తెలియదు. తెలియలేదని ఇంకా గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతారు. ఫోన్ దాన్ని వేరే ఆజ్ఞగా తీసుకుని, ఐకాన్లను కదిలించడమో, ఏదో మెనూ తెరవడమో చేస్తుంది. "నేనేం చేయలేదు, అదే అలా అయింది" అని వాళ్ళు అంటే అబద్ధం కాదు. ఆండ్రాయిడ్‌లో నొక్కి పట్టుకునే వ్యవధిని పెంచే సెట్టింగ్ యాక్సెసిబిలిటీలోనే ఉంటుంది. ఐఫోన్‌లో టచ్ అకామడేషన్స్ అని ఉంటుంది. చేయి వణికేవాళ్ళకు ఈ ఒక్క మార్పుతో సగం కష్టం తగ్గుతుంది. వేలిముద్రల గీతలు కూడా వయసుతో, చేసిన పనితో అరిగిపోతాయి. వేలిముద్రతో తాళం తెరుచుకోకపోతే దాన్ని పట్టుకుని వేలాడకుండా పిన్‌కు మారిపోండి.

చెవి సంగతి. వయసుతో ముందు తగ్గేది సన్నటి, కీచు శబ్దాలను వినే శక్తి. నోటిఫికేషన్లు చాలావరకు సరిగ్గా అలాంటి సన్నటి టింగుమనే శబ్దాలే. కాస్త బొంగురుగా, నిదానంగా మోగే రింగ్‌టోన్ పెట్టి, వైబ్రేషన్ కూడా జోడించండి.

ఇంకో మూడు చిన్న పనులు. స్క్రీన్ ఆరిపోయే సమయాన్ని కనీసం రెండు నిమిషాలకు పెంచండి. చదువుతుండగానే చీకటైపోవడం కంటే టెన్షన్ పెట్టేది లేదు. మొదటి పేజీలో వాడే ఆరేడు యాప్‌లే ఉంచి మిగతావి లోపలికి పంపండి. సామ్‌సంగ్ ఫోన్లలో ఈజీ మోడ్, 2023 నుంచి ఐఫోన్లలో అసిస్టివ్ యాక్సెస్ ఇలాంటి పనే చేసిపెడతాయి. ఒకసారి సర్దిన ఐకాన్లను మళ్ళీ కదపకండి, ఎందుకంటే చాలామంది పెద్దలు పేరు చదివి కాదు, "పై వరుసలో చివరిది" అని చోటును బట్టి గుర్తుపెట్టుకుంటారు. ఇక ఫోన్ భాషను తెలుగులోకి మార్చాలా వద్దా అన్నది వాళ్ళకే వదిలేయండి. కొందరికి తెలుగు కనపడితే ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. కొందరికి "సెండ్" అలవాటై "పంపండి" కొత్తగా ఉంటుంది. టైపింగ్ కష్టమైతే మాత్రం మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడటం తప్పకుండా చూపించండి.

మూడో అడుగు: చేతులు వెనక్కి పెట్టుకోండి

ఇది అక్షరాలా పాటించండి. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, నొక్కేది వాళ్ళ వేలే కావాలి. మీరు మాటతో చెప్పండి, తప్పనిసరైతే స్క్రీన్‌కు దూరంగా వేలు చూపించండి. వాళ్ళు తడుముకుంటుంటే మనకు చేతులు దురద పెడతాయి. ఆగండి. ఆ తడుముకునే సమయంలోనే వాళ్ళు చదువుతున్నారు, పోల్చుకుంటున్నారు, గుర్తుపెట్టుకుంటున్నారు. మనం లాక్కున్న క్షణాన ఆ పని ఆగిపోతుంది. పైగా "ఇది నావల్ల కాదు" అన్న మాట వాళ్ళ మనసులో ఇంకో పొర గట్టిపడుతుంది.

ఒకసారికి ఒకే పని. ఇరవై నిమిషాలు చాలు. అదే పనిని మర్నాడు ఒకసారి, రెండు మూడు రోజులాగి మళ్ళీ, వారం తర్వాత ఇంకోసారి చేయించండి. నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతామో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మధ్య మధ్య విరామం ఇచ్చి మళ్ళీ చేస్తే నిలుస్తుందని కూడా అదే పరిశోధనలో తేలింది. ఒకే ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పేయడం ఇద్దరికీ నీరసం మిగులుస్తుంది.

నోట్‌బుక్ పెట్టించండి. రాసేది వాళ్ళే, వాళ్ళ మాటల్లోనే. మా అమ్మ నోట్‌బుక్‌లో "మూడు చుక్కలు నొక్కితే కింద చిట్టా వస్తుంది, అందులో పై నుంచి రెండోది" అని ఉంటుంది. నేను రాసిస్తే "మెనూ ఓపెన్ చేసి షేర్ సెలెక్ట్ చేయాలి" అని రాసేవాణ్ణి, దానివల్ల ఆమెకు ఒరిగేది లేదు. ఒక అప్‌డేట్ వచ్చి యాప్ రూపం మారినప్పుడు ఆ పేజీ కొట్టేసి కొత్తది రాసుకోవాలని, అది వాళ్ళ తప్పు కాదని ముందే చెప్పి ఉంచండి.

మాటల దగ్గర ఇంకో జాగ్రత్త. మూడు గీతలంటే మెనూ అని, పళ్ళచక్రం అంటే సెట్టింగ్స్ అని మనకెవరూ పాఠం చెప్పలేదు, వాడుతూ వాడుతూ ఒంటబట్టాయి. వాళ్ళకు ఆ గుర్తులు కొత్త లిపి. పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ఒక పది గుర్తులు బొమ్మ గీసి పక్కన అర్థం రాసుకోమనండి. మనకూ ఇలాంటిదే జరుగుతుంది కదా: సేవ్ చేయడానికి వాడే ఆ చదరపు బొమ్మ ఫ్లాపీ డిస్కుదని ఈనాటి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నాలుగో అడుగు: వెనక్కి రావడం ముందు నేర్పండి

1999లో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా ఢిల్లీలోని కల్కాజీలో ఒక గోడకు కంప్యూటర్ అమర్చి, చుట్టుపక్కల పిల్లలకు వదిలేశారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాన్ని వాడటం మొదలుపెట్టారు. ఆ పిల్లలకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, పాడైతే ఎలా అన్న భయం లేదు. పెద్దవాళ్ళ ఫోన్‌లో మాత్రం జీవితకాలం కూడబెట్టిన డబ్బుంది. ఒక్క తప్పు బటన్‌తో అదంతా పోతుందేమో అని గుండె పీచుపీచుమంటుంటే వేలు ముందుకు పోదు. దాన్ని చేతకానితనం అనడం అన్యాయం.

కాబట్టి ముందుకు వెళ్ళే దారి కంటే ముందు వెనక్కి వచ్చే దారి చూపించండి. బ్యాక్ ఎలా, హోమ్‌కు ఎలా, మొత్తం మూసేయడం ఎలా. కావాలని ఎక్కడెక్కడికో తీసుకెళ్లి "ఇప్పుడు బయటికి రా అమ్మా" అనండి. ఐదారుసార్లు ఇలా తప్పిపోయి తిరిగొచ్చాక ముఖంలో వచ్చే తేడా మీకే కనపడుతుంది. ఆ తర్వాత ప్రతి పనిలోనూ వెనక్కి తీసుకోలేని ఒక్క బటన్ ఏదో గుర్తుపట్టించండి: డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టడం, ఫారంలో సబ్మిట్, ఫొటోల్లో డిలీట్. "దీనిదాకా ఎన్ని తప్పులైనా చేయొచ్చు, ఇక్కడ మాత్రం ఆగి పేరు, అంకె ఇంకోసారి చదువు." ఇది నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. డబ్బు పంపడం నేర్పేటప్పుడు మొదటి పదిసార్లు అతి చిన్న మొత్తం మీకే పంపించుకోండి.

ఐదో అడుగు: మోసాల గురించి భయపెట్టకుండా చెప్పండి

"ఎవరికీ ఓటీపీ చెప్పకు" అన్నది అందరూ చెప్పే సూత్రం. అది సగమే సాయపడుతుంది, ఎందుకంటే ఇంటికి సరుకు తెచ్చినవాళ్ళు కూడా కోడ్ అడుగుతారు, అక్కడ చెప్పక తప్పదు. ఒకచోట చెప్పు, ఇంకోచోట చెప్పకు అంటే వాళ్ళు తికమక పడతారు. అసలు నేర్పాల్సింది మెసేజ్ మొత్తం చదవడం. ఆ కోడ్ దేనికో మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. సరుకు అందుకోవడానికా, డబ్బు కదలడానికా, వాట్సాప్ ఖాతా వేరే ఫోన్‌లో తెరవడానికా? ఫోన్‌లో మాట్లాడేవాడు చెబుతున్నదీ, మెసేజ్‌లో రాసి ఉన్నదీ ఒకటి కాకపోతే అది మోసం.

ఇంకొన్ని గట్టి నియమాలున్నాయి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మన పిన్ అక్కర్లేదు. ఎవరు చెప్పినా స్క్రీన్ షేర్ చేసే యాప్‌లు, దూరం నుంచి ఫోన్‌ను నడిపే యాప్‌లు పెట్టుకోకూడదు. బ్యాంకు నుంచి అన్నవాళ్ళ ఫోన్ పెట్టేసి, కార్డు వెనక అచ్చయిన నంబరుకు మనమే చేయాలి. "ఇప్పుడే, వెంటనే, ఎవరికీ చెప్పకుండా" అన్న మూడు మాటలు వినపడితే కాల్ కట్ చేయడం మర్యాద తక్కువ పనేమీ కాదు. ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం వాళ్ళ సంస్కారంలో లేదు. మోసగాళ్ళు వాడుకునేది ఆ మంచితనాన్నే. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అనుకరిస్తున్నారు కాబట్టి, "అమ్మా, ఆపదలో ఉన్నాను" అనే ఫోన్ వస్తే అడగడానికి ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (ఖాతాకు అదనంగా మనం పెట్టుకునే పిన్) ఆన్ చేసి, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే సెట్టింగ్ కూడా చూడండి.

ఒకవేళ మోసపోతే తిట్టకండి. తిడతారన్న భయంతో దాచిపెట్టిన గంటల్లోనే డబ్బు చేతులు మారిపోతుంది. ముందు బ్యాంకుకు, పోలీసులకు చెప్పాలి, మాటలు తర్వాత. మోసపోయేది పెద్దవాళ్ళే అన్నది కూడా నిజం కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు వచ్చే ఫిర్యాదుల్లో, డబ్బు పోగొట్టుకున్నామని ఎక్కువగా చెప్పేది యువతే. పెద్దలు పోగొట్టుకునే మొత్తం మాత్రం ఎక్కువ.

ఆరో అడుగు: తాళాలు వాళ్ళ దగ్గరే ఉంచండి

సౌకర్యం కోసం మన నంబరు, మన ఈమెయిల్ వాళ్ళ ఖాతాకు పెట్టేస్తుంటాం. అప్పటికి సులువే. కానీ ఆ రోజు నుంచి ప్రతి కోడ్ కోసం వాళ్ళు మనకు ఫోన్ చేయాలి, మనం మీటింగ్‌లో ఉంటే వాళ్ళ డబ్బు వాళ్ళకే అందదు. నంబరు వాళ్ళదే పెట్టండి. మనది రికవరీ కోసం రెండోదిగా ఉండనివ్వండి. పాస్‌వర్డులు నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోవడం తప్పేమీ కాదు. అదే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడటం కంటే ఎంతో నయం. పిన్ మాత్రం రాయకూడదు. వాళ్ళ తదనంతరం ఖాతాలు ఎవరికి అందాలన్నది గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్‌లో పెట్టుకోవచ్చు. ఈ మాట ఎత్తడం కష్టమే. మీ ఫోన్‌లో మీరు ముందు పెట్టుకుని, వాళ్ళ పేరు అందులో చూపిస్తే మాట తేలికవుతుంది.

ఏడో అడుగు: మీరూ వాళ్ళ దగ్గర నేర్చుకోండి

2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ 'డిజిటల్ నేటివ్స్' (డిజిటల్ లోకంలోనే పుట్టి పెరిగినవాళ్ళు) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాక, కుర్రాళ్ళకు అన్నీ పుట్టుకతోనే వస్తాయన్న నమ్మకం పాతుకుపోయింది. నిజానికి యాప్‌లు చకచకా వాడే చాలామంది యువతకు ఒక అధికారికి మర్యాదగా ఈమెయిల్ రాయడం, షరతులు చదివి సంతకం పెట్టడం, ఫైలును ఏ ఫోల్డర్‌లో దాచారో వెతకడం, కస్టమర్ కేర్‌తో ఓపికగా మాట్లాడి పని సాధించడం రావు. మీ పెద్దవాళ్ళకు ఇవి వచ్చు. మీరు ఫారం ఎక్కడుందో చూపించండి, అందులో ఏం రాయాలో వాళ్ళను చెప్పనివ్వండి. నాన్నతో అలా కూర్చున్న రోజున నేర్పేవాడు, నేర్చుకునేవాడు అన్న తేడా మా మధ్య పోయింది.

కుదరనప్పుడు

కొందరికి కుదరదు. చూపు, చేయి, జ్ఞాపకం సహకరించకపోవచ్చు, లేదా ఇష్టమే లేకపోవచ్చు. అప్పుడు బలవంతం చేయకండి, సేవ ఇచ్చేవాళ్ళను అడగండి. స్పెయిన్‌లో కార్లోస్ సాన్ హువాన్ అనే 78 ఏళ్ల రిటైర్డ్ డాక్టర్ 2022 మొదట్లో బ్యాంకు కౌంటర్లలో మనుషులు ఉండాలని కోరుతూ ఒక సంతకాల ఉద్యమం నడిపారు. "నేను ముసలివాణ్ణి, తెలివితక్కువవాణ్ణి కాను" అన్నది దాని పేరు. 6 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆ ఫిబ్రవరిలోనే అక్కడి బ్యాంకులు కౌంటర్ వేళలు పెంచడానికి, పెద్దవాళ్ళకు ముందుగా సేవ చేయడానికి ఒప్పుకున్నాయి. ఐరోపా సమాఖ్యలో బ్యాంకింగ్, ఆన్‌లైన్ అమ్మకాల వంటి సేవలు అందరూ వాడగలిగేలా ఉండాలన్న చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అడిగితే మారుతుంది.

అడిగేటప్పుడు ఊరికే "యాప్ బాగాలేదు" అనకండి. ఏ తేదీన, ఏ పేజీలో, ఏం చేస్తుండగా ఆగిపోయిందో రాయండి: అక్షరాలు పెంచితే బటన్ కనపడలేదనో, చదివేలోపే సమయం అయిపోయి బయటికి నెట్టేసిందనో. సమయం ముగిసే ముందు హెచ్చరించి, ఒక్క నొక్కుతో పొడిగించుకునేందుకు కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, రెండో అడుగులో చెప్పిన వెబ్‌సైట్ల అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉందని గుర్తు చేయండి. స్క్రీన్ ఫొటో జతచేయండి, ఖాతా నంబరు కనపడకుండా కొట్టేసి. ఆ ఉత్తరం మీ పేరుతో కాకుండా మీ అమ్మ పేరుతో, ఆమె మాటల్లో, ఆమె సంతకంతో పంపించండి.